బండి మనది, మర్మము వారిది

పాలకొల్లునుండి భీమవరము పోవు మార్గమున తెల్లవారుజామున నిలుచుండి చూచువారికి ఈ డెల్టాయొక్క బ్రతుకంతయు చక్రములమీద సాగిపోవుచున్నట్లు కానవచ్చును. కొబ్బరికాయల లారీలు ఉత్తరదేశమునకు, చేపల లారీలు వంగదేశమునకు, రొయ్యల వ్యానులు ప్లాంట్లకు, మేతబస్తాల బండ్లు చెరువులకు ఒకదాని వెంట నొకటి పోవుచుండును. పూర్వము ఈ ప్రాంతపు సరకు కాలువలమీద పడవలలో సాగెడిది. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున కాటను దొర కట్టించిన ఆనకట్టవలన పంటకు నీరును, పడవకు దారియు గూడ లభించినవి. ఆనాడు పడవ లాగు త్రాడు తెగినచో సరంగు తానే ముడివైచుకొనెడివాడు. తెడ్డు విరిగినచో గట్టున నున్న వడ్రంగి చెక్కి యిచ్చెడివాడు. నేడు మన బండి యాగినచో అది యేల యాగెనో తెలిసికొనుటకు వలయు సాధనము మన యూరి మిస్త్రీ చేతిలో లేదు. బండికి వెల యిచ్చినవారము మనము. దాని మర్మము మాత్రము ఎక్కడనో తాళము వేయబడి యున్నది.

ఈ వారము మేము వ్రాయబూనిన విషయము చదువరులకు మొదట మిక్కిలి యల్పముగా దోపవచ్చును. నీటి తగవులను గూర్చియు, పన్నులను గూర్చియు, ఎన్నికలను గూర్చియు వ్రాయవలసిన ఈ పుటలో మోటారుబండిలోని యొక చిన్న ముక్కను గూర్చి వ్రాయుట యేమని కొందఱు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. ఆ ముక్క బొటనవ్రేలికన్న అంత పెద్దది కాదు. ఒక్క బోల్టుతో ఇంజనుకు బిగించియుండును. దానిని మన మెకానిక్కులు క్రాంకు సెన్సరందురు. అది పలుకుట మానెనా, పది టన్నుల లారీయైనను, చిన్న ట్రాలీయైనను, ట్యాంకు నిండ డీజిలుండియు, క్రొత్త బ్యాటరీ యుండియు, నడిరోడ్డున కొయ్యబారి నిలుచును. చిన్న వస్తువు చెడినందుకు మేము చింతించుట లేదు. వస్తువులు చెడుట వాని ధర్మము. చెడిన దానిని గుర్తించుటయు, మంచి దానిని కొనుటయు, న్యాయమైన వెలకు బిగించుకొనుటయు మన చేతిలో లేకపోవుటయే చింతింపదగిన విషయము.

ఈ సెన్సరు చేయు పని యేమో ముందు తెలిసికొందము. తెలియని వస్తువును గూర్చి ఆగ్రహించుట తెలివిగలవారి పని కాదు. ఇంజనులో పిస్టనులు పైకి క్రిందికి ఆడుచుండగా ఆ యాటను తిరుగుడుగా మార్చు వంకరటింకర యిరుసు పేరు క్రాంకుషాఫ్టు. దాని వెనుక కొసనుండు ఫ్లైవీలు యొద్దనో, ముందఱి పుల్లీ యొద్దనో ఒక పండ్లచక్రము తిరుగుచుండును. పెక్కు ఇంజనులలో ఆ చక్రముపై 60 పండ్లకు చోటుండగా 58 పండ్లే యుండును. తక్కిన రెంటిని కావలెననియే తీసివేసియుందురు. ఆ పండ్లకు ఎదురుగా, సుమారు ఒక మిల్లీమీటరు ఎడమున, ఈ సెన్సరు కూర్చుండును. దీనిలో రెండు జాతులు కలవు. ఒక జాతిలో అయస్కాంతమును, దాని చుట్టు సన్నని రాగితీగయు నుండును. పన్ను ఎదుటికి వచ్చి తొలగినప్పుడెల్ల తీగలో చిన్న విద్యుత్తు పుట్టును. దీనికి సాధారణముగా రెండు వైర్లుండును. రెండవ జాతి, అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ హాల్ 1879లో కనుగొనిన ధర్మముపై ఆధారపడినది. దీనికి మూడు వైర్లు.

పన్నువెంట పన్ను వచ్చిన లెక్కను బట్టి ఇంజను ఎంత వేగమున తిరుగుచున్నదో ఇంజను కంప్యూటరు గ్రహించును. తీసివేసిన రెండు పండ్ల యెడము వచ్చినప్పుడు లయ తప్పును. ఆ లయ తప్పుటయే దానికి గుర్తు. ఆ గుర్తును బట్టి పిస్టను ఎచ్చట నున్నదో లెక్కగట్టి, ఏ సిలిండరులో ఏ క్షణమున ఎంత డీజిలు చిమ్మవలెనో అది నిర్ణయించును. నిమిషమునకు 2,000 చుట్లు తిరుగు ఇంజనులో సెకనునకు 1,900కు పైగా పండ్లు ఈ సెన్సరు ముందునుండి దాటిపోవును. ఒక్కొక్కటి 6 డిగ్రీల ఎడమునకు లెక్క. ఇంత లెక్క అప్పగింపబడిన కన్ను మూతపడినచో కంప్యూటరు గ్రుడ్డిదియై డీజిలు చిమ్ముట మానివేయును. కొన్ని ఇంజనులు క్యాము సెన్సరు సాయముతో కుంటుచు ఇంటికి చేరును. తక్కినవి యున్నచోటనే యాగును. సెల్ఫు తిరుగును, ఇంజను అందుకొనదు. అదియే దీని రోగలక్షణము.

పూర్వపు లారీలకు ఈ బాధ లేకుండెను. ఇంజను తిరుగుచు పంపును త్రిప్పెడిది. పంపు తన లెక్క తానే చూచుకొని డీజిలు నందించెడిది. బెంగుళూరున నెలకొన్న మైకో కర్మాగారపు పేరు ఆ పంపులవలననే దేశమున ప్రతి లారీవానికిని తెలిసినది. 2005లో బజారులోనికి వచ్చిన టాటా ఏస్ చిన్నబండి మొదటి రకములోను ఇట్టి సాదా పంపే యుండెను. అటుపై పొగను తగ్గింపవలెనను నిబంధనలు ఒకదానిపై నొకటి వచ్చినవి. 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను బి.ఎస్. 4, 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 అమలైనవి. డీజిలులోని గంధకము పదిలక్షల పాళ్లలో 50 నుండి 10 పాళ్లకు తగ్గింపబడినది. అంత సూక్ష్మముగా ఇంధనమును కొలిచి మండించుట ఉత్త ఇనుప పంపునకు సాధ్యము కాదు. కావున కంప్యూటరు వచ్చినది. కంప్యూటరునకు కన్నులు కావలసి సెన్సరులు వచ్చినవి.

పాతబండ్లే మేలని నిట్టూర్చువారితో మేము ఏకీభవింపజాలము. మన పిల్లలు పీల్చు గాలిలో నల్లపొగ తగ్గుట మేలే. యంత్రము సూక్ష్మమైనందుకు మాకు విచారము లేదు. యంత్రము సూక్ష్మమైన కొలదిని దాని జ్ఞానము పదిమందికి పంచబడవలసి యుండగా, కొందఱి చేతులలో కుదించుకొని పోవుచున్నందులకే మా విచారము.

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక బండ్ల కథలు మా బల్లమీదికి వివాదముల రూపమున వచ్చుచుండును. అట్టిదొకటి చెప్పెదము, పేర్లతో మనకు పనిలేదు. ఒక వ్యానుదారుడు కలడు. అతడే డ్రైవరు, అతడే యజమాని. బండిపై ఫైనాన్సు వాయిదా నెలనెల కట్టవలయును. వేసవిలో ఒకనాడు మధ్యాహ్నవేళ బండి దారిలో నాగినది. గంట సేపు నీడపట్టున నిలిపిన పిమ్మట దానంతట అదియే అందుకొన్నది. మఱునాడును అంతే. మెకానిక్కు చూచి క్రాంకు సెన్సరు పోయినదనెను. ఆతని మాట నిజమే. వేడికి లోని తీగ విడివడుటయు, చల్లారగా మరల కలియుటయు ఈ వస్తువునకు తెలిసిన జబ్బే. వ్యానుదారుడు ఒక దుకాణమునకు పోయి, పేరుపొందిన కంపెనీ గుర్తుగల పెట్టెలోని సెన్సరును కొనెను. బిల్లు కావలెనన్న పన్ను పడుననిరి. బిల్లు వలదనెను. వెలలో కొంత కలిసివచ్చినదని సంతోషించెను.

పదునొకండు దినములు బండి నడచినది. పండ్రెండవనాటి రాత్రి చెరువుగట్టున పట్టిన రొయ్యలను ఐసులో సర్ది ప్లాంటునకు గొనిపోవుచుండగా మరల నాగినది. రొయ్య మనుష్యుని కొఱకు వేచియుండు సరకు కాదు. వేఱొక బండి దొరకి సరకు మార్చునప్పటికి ఐసు కరగినది. ప్లాంటువారు కౌంటు చూచి, మెత్తదనము చూచి, వెల తగ్గించిరి. రైతు కిరాయి నిలిపి, పైగా నష్టమడిగెను. వ్యానుదారుడు మెకానిక్కును నిందించెను. బండిని లాగించుకొని ఒక పెద్ద వర్కుషాపునకు తీసికొనిపోగా, అచ్చట వైరింగు మొత్తమును, కంప్యూటరును గూడ మార్చవలసి యుండునేమోనని, ఆ వ్యానుదారుని కొన్ని నెలల సంపాదనకు సరిపోవు అంచనా వ్రాసి చేతికిచ్చిరి.

తుదకు ఈ రహస్యమును భేదించినవాడు మన పట్టణపు వృద్ధ మిస్త్రీ ఒకడు. రైసుమిల్లుల ఆయిలింజన్లతో చేయి తిరిగినవాడు. అతనికి కంప్యూటరు తెలియదు. కాని ఇనుము తెలియును. పాత సెన్సరును పాఱవేయక డ్యాషుబోర్డు అరలో నుంచిన వ్యానుదారుని యదృష్టము. మిస్త్రీ పాతదానిని, క్రొత్తదానిని ప్రక్కప్రక్కన పెట్టి వెర్నియరుతో కొలిచెను. క్రొత్తదాని ముక్కు పాతదానికంటె ఒక మిల్లీమీటరునకు పైగా పొట్టిది. పండ్లకును దానికిని నడుమ నుండవలసిన యెడము పెరిగినది. చల్లగా నున్నప్పుడు ఎట్లో నెట్టుకొని వచ్చినది. వేడెక్కినపుడు స్పందనము క్షీణించి కంప్యూటరునకు అందలేదు. అసలు సెన్సరు నొకదానిని తెప్పించి బిగించినంతనే బండి నడచినది. వైరింగు మార్చలేదు, కంప్యూటరు మార్చలేదు.

మా గదిలో రైతు, వ్యానుదారుడు, మెకానిక్కు ముగ్గురును కూర్చుండిరి. నష్టమును తలా కొంత పంచుకొని రాజీపడిరి. నష్టపోయిన ముగ్గురును అచ్చట నుండిరి. లాభపడినవాడు మాత్రము లేడు. అతనిని పిలుచుటకు మా యొద్ద కాగితము లేదు. బిల్లు లేనిచోట న్యాయము నోరు మూసికొనవలసినదే. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పినది ఆనాటి ఆ ఖాళీ కుర్చీయే.

ఈ కథలో తప్పెవ్వరిది? మొదటి తప్పు మనది. ఏ చట్టమైనను తన హక్కును తాను వదలుకొనినవానిని రక్షింపజాలదు. వినియోగదారుల రక్షణ చట్టము 2019లో క్రొత్తగా వచ్చినది. వ్యాపారము కొఱకు కొనినవాడు వినియోగదారుడు కాడని దానిలో నున్న మాట చూపి, బండి గలవానికి ఆ చట్టము వర్తింపదని చెప్పి పంపుచుందురు. ఇది సగము సత్యము. స్వయముగా పనిచేసికొని పొట్టపోసికొనుటకే వస్తువును కొని వాడుకొనువాడు వినియోగదారుడేయని ఆ చట్టము 2వ సెక్షను 7వ క్లాజు క్రింది వివరణము స్పష్టముగా చెప్పుచున్నది. తన బండి తానే తోలుకొని బ్రతుకు మనిషి తలుపు తట్టవచ్చును. సరకు అమ్మి బిల్లు ఈయకుండుటయు అన్యాయ వ్యాపారపద్ధతియేయని అదే సెక్షను చెప్పుచున్నది. ఇచ్చిన వెల 5 లక్షల రూపాయలు దాటనిచో జిల్లా కమిషనులో ఫిర్యాదునకు రుసుము లేదు. రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. 1915 అను నంబరునకు టెలిఫోను చేసి సలహా పొందవచ్చును. ఇన్ని తలుపులు తెఱచియున్నను, వానికి తాళపుచెవి ఆ చిన్న బిల్లు కాగితమే. 2025 సెప్టెంబరు 22 నుండి మోటారు విడిభాగములపై జి.యస్.టి. 18 శాతముగా నిర్ణయింపబడినది. అంతకుముందు కొన్నిటిపై 28 శాతముండెడిది. పన్ను తగ్గిన పిమ్మటనైనను బిల్లు అడుగుటకు మనకు చేతులు రాకున్నచో ఆ లోపము చట్టముది కాదు.

రెండవ తప్పు నకిలీ సరకు అమ్మువానిది. పరుల గుర్తును తన పెట్టెమీద అచ్చువేసికొనుటయు, అట్టి సరకును అమ్ముటయు 1999 నాటి ట్రేడుమార్కుల చట్టము 103, 104 సెక్షనుల క్రింద నేరములు. ఆఱు నెలలకు తక్కువకాని, మూడేండ్ల వఱకు ఖైదు, 50 వేలనుండి 2 లక్షల వఱకు జరిమానా కలవు. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకింగు నియమముల ప్రకారము పెట్టెమీద తయారుచేసినవాని పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లరధర, నెల, సంవత్సరము ఉండవలెను. విడిభాగములమ్మువారందఱును మోసగాండ్రని మేమనము. మన పట్టణమున తరతరములుగా నమ్మకముతో వ్యాపారము చేయు దుకాణదారులు కలరు. నకిలీ సరకువలన మొదట నష్టపోవువారు వారే. అసలు సరకమ్ము వ్యాపారి, ప్రక్కవాడు సగము ధరకిచ్చు నకిలీతో పోటీపడలేక, తానును అదే త్రోవ త్రొక్కునట్లు మనమే వానిని తఱుముచున్నాము. మంచి కంపెనీలు వేఱొక పేరుతో న్యాయముగ తయారుచేయు సెన్సరులు నకిలీలు కావు. బండి కంపెనీ పెట్టెలోనివి మాత్రమే అసలువి యనుటయు సరికాదు. తన పేరు తాను చెప్పుకొని, తన సరకునకు తాను జవాబుదారి యగువాడు దొర. ఇతరుని పేరు కప్పుకొనువాడు దొంగ. భేద మింతే.

మూడవ తప్పు మిక్కిలి పెద్దది. అది బండ్లు తయారుచేయువారిది. మన వృద్ధ మిస్త్రీ పాత ముక్కతో క్రొత్త ముక్కను పోల్చి చూచి రహస్యము పట్టెను గాని, ఆ ముక్కు పొడవెంత యుండవలెనో, యెడమెంత యుండవలెనో, తీగచుట్ట కెన్ని ఓములుండవలెనో తెలుపు పుస్తకము అతని కందుబాటులో లేదు. అవి యేమైన దేశరక్షణ రహస్యములా? కంప్యూటరు తన జబ్బును తానే అంకెల రూపమున వ్రాసిపెట్టుకొనును; పి 0335 అన్నచో క్రాంకు సెన్సరు సర్క్యూటు లోపము, పి 0336 అన్నచో ఆ స్పందనమే సరిగా లేదు అని లోకమంతటను ఒకటే యర్థము. ఆ యంకెలు చదువుటకు చవుక స్కానరు చాలును. కాని కొన్ని బండ్లలో లోతైన పరీక్షకు ఆ కంపెనీ యంత్రమే కావలెను. ఆ యంత్రము ఆ కంపెనీ వర్కుషాపులోనే యుండును. అర్ధరాత్రి ఆకివీడు దాటి ఆగిన బండికి ఆ వర్కుషాపు చుక్కలంత దూరము.

ఇది మా యొక్కరి ఫిర్యాదు కాదు. దేశపు పోటీ కమిషను 2014 ఆగస్టు 25న ఒక గొప్ప ఉత్తరువు చేసినది. కార్లు తయారుచేయు 14 కంపెనీలు తమ విడిభాగములను, పరీక్షాయంత్రములను బయటి మెకానిక్కులకు అందనీయక బజారును బిగబట్టియున్నవని తేల్చి, వారిపై సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. కారు కొనువఱకు పదిమందిలో నొకనిని కొనువాడు ఎంచుకొనవచ్చును. కొనిన పిమ్మట ఆ కంపెనీ విడిభాగము తప్ప గత్యంతరము లేదు గనుక, తన బండి విడిభాగముల బజారులో ప్రతి కంపెనీయు ఏకచ్ఛత్రాధిపతియేయని కమిషను తర్కించినది. భాగములను, మరమ్మతు సమాచారమును బయటివారికి అందింపవలెననియు, బయట మరమ్మతు చేయించినంత మాత్రమున వారంటీ మొత్తము రద్దగునని షరతు పెట్టరాదనియు ఆదేశించినది. ఆ ఉత్తరువుపై అప్పీళ్లు నడచినవి. జరిమానా లెక్క న్యాయస్థానములు చూచుకొనును. ఆ తర్కము మాత్రము సామాన్యుని బుద్ధికి తోచినదే. కార్ల విషయమున న్యాయమైనది లారీలకును వ్యానులకును అన్యాయమగునా? కారు ఆగినచో ప్రయాణము ఆగును. వ్యాను ఆగినచో జీవనమే ఆగును.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగు రంగములను ఎన్నుకొనిరి. ఆ యేడు డిసెంబరు 24న దానికొక పోర్టలు తెఱచిరి. మంచిదే. కాని పోర్టలు దారి చూపును, హక్కునిచ్చునది శాసనమే. ఇతర దేశములు ఆ మాట గ్రహించినవి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటువేసి మరి ఈ హక్కును సంపాదించుకొనిరి. ఐరోపా యూనియను 2007లో చిన్నబండ్లకును, 2009లో లారీలకును చేసిన నిబంధనలలో మరమ్మతు సమాచారమును స్వతంత్ర మెకానిక్కులకు ఈయవలెనని వ్రాసినది. పొగ విషయమున ఐరోపా అడుగుజాడలలో నడచి బి.ఎస్. 6 తెచ్చుకొన్న మనము, బాధ్యతను మాత్రము దిగుమతి చేసికొని హక్కును ఓడరేవుననే విడిచివచ్చితిమా?

కంపెనీలవారి వాదము మేమెఱుగనిది కాదు. మర్మములన్నియు బయటపెట్టినచో చేతకానివాడు కంప్యూటరును చెడగొట్టుననియు, పొగ నియంత్రణను త్రుంచివేయుననియు, బ్రేకుల వంటివానిలో ప్రాణాపాయము కలదనియు వారందురు. దీనిలో కొంత నిజము కలదు. మేము కంప్యూటరు లోని లెక్కలను మార్చు అధికారము అడుగుట లేదు. సెన్సరు నంబరేమి, కొలతలేమి, వైరు రంగులేమి, పరీక్ష యెట్లు అనునంతవఱకే అడుగుచున్నాము. ఈ సమాచారము దాచుటవలన చేతకానివాడు ఆగుట లేదు, చేతనైనవాడే ఆగుచున్నాడు. చేతకానివాడు ఊహతో మూడు భాగములు మార్చి నాలుగవది సరియగునేమోనని చూచుచున్నాడు. ఆ మూడింటి వెలయు బండివాడే యిచ్చుకొనుచున్నాడు.

ప్రభుత్వము మేలుకొనువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండుమని మా యుద్దేశము కాదు. మన చేతిలోని పని మనము చేయవలెను. బండివారికి మా మనవి యిది: సెన్సరు పోయినదన్నంతనే మార్చకుడు. ముందు కనెక్టరు విప్పి చూపింపుడు. రొయ్యలబండ్లనుండి కారు ఉప్పునీటికి పిన్నులు పచ్చబారుట కలదు. వైరు ఎక్కడనైన ఇంజనుకు రాచుకొని తెగినదేమో చూపింపుడు. సెన్సరును విప్పి, దాని ముక్కునకు అంటిన ఇనుప రజను తుడిచి చూపింపుడు. రెండు వైర్ల జాతియైనచో మీటరుతో ఓములు చూడవచ్చును. మూడు వైర్ల హాల్ జాతికి ఆ పరీక్ష పనికిరాదు. ఇవన్నియు సరియైనప్పుడే క్రొత్తది కొనుడు. కొనునప్పుడు బండి పేరు మాత్రమే చెప్పి అడుగక, పాతదానిపై నున్న నంబరు చూపి అడుగుడు. ఒకే పేరుగల బండికి బి.ఎస్. 4లో నొకటి, బి.ఎస్. 6లో నొకటి యుండవచ్చును. బిగింపకముందు పాతదాని ప్రక్కను పెట్టి ముక్కు పొడవు, కనెక్టరు, బోల్టురంధ్రము పోల్చుడు. బిల్లు తీసికొనుడు. పాతదానిని పాఱవేయకుడు, అది రేపటికి సాక్షి.

బండ్ల యజమానుల సంఘములవారికి మేము చెప్పునది: ఉత్సవములకును ఫ్లెక్సీలకును పెట్టు సొమ్ములో కొంత తీసి మంచి స్కానరు నొకటి కొని సంఘపు ఆఫీసులో నుంచుడు, మన ప్రాంతమున ఎక్కువగా తిరుగు నాలుగైదు రకముల బండ్లకు అసలు క్రాంకు సెన్సరులు రెండేసి నిల్వ యుంచుడు. రాత్రి బండి యాగినవాడు సంఘమునకు టెలిఫోను చేసినచో అసలు వస్తువు అసలు వెలకు దొరకవలెను. ఒక్కని బీరువాలో నున్న సెన్సరు సొమ్ము. సంఘపు బీరువాలో నున్న సెన్సరు ధైర్యము. ఐ.టి.ఐ.లు నడుపువారు పని మానని మిస్త్రీలకొఱకు సాయంకాలపు తరగతులు పెట్టవలెను. యాబదియేండ్లు దాటినవానికి కంప్యూటరేల యనుకొనరాదు. ఇనుము తెలిసినవానికి కంప్యూటరు నేర్పుట సులభము. కంప్యూటరు మాత్రమే తెలిసినవానికి ఇనుము నేర్పుటయే కష్టము.

ఇక పఠనమందిరములలో కూర్చుండి ఈ పత్రికను చదువు పెద్దలకు ఒక్కమాట. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన మహనీయులు, విద్య కొందఱి ఆస్తి కారాదను సంకల్పముతోనే ఆ పని చేసిరి. ఆనాడు తాళపుచెవి క్రింద నున్నది అక్షరము. నేడు తాళపుచెవి క్రింద నున్నది యంత్రము. మీ గ్రంథాలయములో ప్రబంధములు, పురాణములు, పరీక్షల పుస్తకములు గలవు. దొరకినంతవఱకు బండ్ల మరమ్మతు పుస్తకములను తెప్పించి ఒక బల్లమీద నుంచుడు. చేతికి మసి గల మనిషి మీ మెట్లెక్కుటకు జంకకుండునట్లు చేయుడు. మన మిస్త్రీలు ఆంగ్లము చదువలేకపోయినచో, చదువగల విద్యార్థి యొకడు వారికి తెలుగున చెప్పవలెను. అది దేశసేవ కాదని యెవ్వరనగలరు? స్వదేశి వస్తువును వాడుట యొక వ్రతమైనచో, వాడు వస్తువును స్వయముగ బాగుచేసికొనుట దానికి ఉద్యాపనము.

శాసనసభ్యులకును, పార్లమెంటు సభ్యులకును మా కోరిక స్వల్పము. విడిభాగపు నంబరులు, కొలతలు, పరీక్షావిధానములు ప్రకటింపబడవలెను. విడిభాగములు బయటి బజారులో బిల్లుతో దొరకవలెను. పరీక్షాయంత్రములు న్యాయమైన వెలకు స్వతంత్ర మెకానిక్కునకు అమ్మబడవలెను. ఇవి లారీలకును వ్యానులకును గూడ వర్తింపవలెను. ఈ నాలుగు మాటలను శాసనము చేయింపుడు. దీనికి ఖజానానుండి కోట్లు వెచ్చింపనక్కఱలేదు.

అరువది పండ్లకు చోటుగల ఆ చక్రముపై రెండు పండ్లు లేవు. ఆ లేని రెండు పండ్ల వలననే ఇంజను తాను ఎచ్చట నున్నదో తెలిసికొనుచున్నది. మా బల్లయొద్ద ఆనాడు ఖాళీగా నున్న కుర్చీని చూచియైనను మనము ఎచ్చట నున్నామో మనము తెలిసికొందుము గాక.